టైరు కింద రాయి

మా బండికి బ్రేకును నేనే. గొప్పకు చెప్పడం లేదు, ముప్పై ఏళ్లుగా చేసిన కొలువు గురించి చెబుతున్నాను. పెళ్లయిన మూడో రోజు మా ఆయన నన్ను తన పికప్ బండిలో ఎక్కించుకుని ధారూర్ రైలు గేటు దాకా తీసుకుపోయాడు. గేటు పడి ఉంది. బండి ఆపి, బ్రేకు మీద కాలు అదిమిపెట్టి, సిగ్గుపడుతూ నా వైపు తిరిగాడు. ఏదో ముచ్చట చెబుతాడనుకున్నాను.

"జర దిగి టైరు కింద రాయి ఎయ్యవా?" అన్నాడు.

ఒంటి మీద కొత్త చీర, కాళ్లకు ఇంకా ఆరని పసుపు. దిగాను. గేటు పక్కన మూడు మూలల నల్లరాయి ఒకటి కనబడితే తెచ్చి వెనక టైరు కింద పెట్టాను. "ఏసినవా?" అని అరిచాడు. "ఏసిన" అన్నాను. అప్పుడు బ్రేకు మీద నుంచి కాలు తీశాడు. గేటు లేచాక రాయిని పక్కకు విసరబోతే, "అయ్యో, పడెయ్యకే, మంచిగున్నది గది" అని నా ఒళ్లో పెట్టించాడు. అట్లా నాతో పాటు ఆ రాయి కూడా ఆ ఇంటికి కాపురానికొచ్చింది. మా అత్తమ్మ నన్ను చూసి, రాయిని చూసి, "ఇగ వీనికి ఫికర్ లేదు" అంది. మెచ్చుకున్నది నన్నో రాయినో ఇప్పటికీ నాకు తెలియదు.

అంతకుముందు ఆ కొలువు మా మామదట. ఆయన నడుము పట్టేశాకే కొడుక్కు సంబంధాలు వెతకడం మొదలుపెట్టారట. పెళ్లిచూపులప్పుడు నన్ను పాట పాడమనలేదు, పేరు రాయమనలేదు. ఇంటి మెట్లు ఎక్కి దిగమన్నారు. పదో తరగతి పాసైన పిల్లను, రాయమంటే ఏమైనా రాసేదాన్ని. మెట్లెందుకు దిగమన్నారో రైలు గేటు దగ్గర అర్థమైంది.

మా పని బండల పని. తాండూరులో పాలిష్ పట్టిన బండలు ఎక్కించుకుని, ధారూర్, మర్పల్లి, పరిగి చుట్టుపక్కల ఇళ్లు కట్టుకునేవాళ్లకు దించి వస్తాం. ఆయన నడుపుతాడు, నేను రాయి వేస్తాను. ఇల్లు కట్టేది ఎప్పుడూ ఏదో ఒక ఎత్తు మీదే. బండి ఆగిన ప్రతిచోటా నేను దూకాలి, రాయి వేయాలి, "ఏసిన" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా ఆయన కాలు తీయడు. ఒకసారి మర్పల్లిలో దూకగానే నాకు తుమ్ముల మీద తుమ్ములు వచ్చి మాట రాలేదు. రాయి పడి ఉంది, బండి ఆగి ఉంది, అయినా ఆయన కాలు బిగబట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. ఇంటివాళ్లు ఈయనకు తిమ్మిరి పట్టిందనుకుని నూనె పట్టుకొచ్చారు.

గేరులో ఉంచి ఆపొచ్చు కదా అని తెలివైనవాళ్లు అడుగుతుంటారు. ఇంజను ఆపిన రెండు నిమిషాలకు మా బండి గేరు దానంతట అదే జారుతుంది. హ్యాండ్ బ్రేకు కడ్డీ ఉంది, దానికి మేము సద్ది సంచి తగిలిస్తాం. కాలి బ్రేకు మూడు దెబ్బలు కొడితే పట్టేది, కాలు తీస్తే వదిలేసేది. పోనీ, బండి నిండా బండలే కదా, అందులోదే ఒకటి అడ్డం పెట్టొచ్చు కదా అనుకుంటారేమో. పాలిష్ పట్టిన తాండూరు బండ టైరు కింద పెట్టి చూడండి, టైరు కంటే ముందు అదే జారిపోతుంది. అన్ని ఊళ్లకు బండలు మోసిన బండికి ఆ నల్లరాయి తప్ప దిక్కు లేదు.

పోయిన ఎండాకాలం నా కుడి మోకాలు తిరగబడింది. డాక్టరమ్మ చూసి, "ఎక్కుడు, దిగుడు బంద్ చెయ్యాలె. దూకుడు అసలే వద్దు" అంది. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన తల వంచుకుని చాలాసేపు ఆలోచించాడు. పాపం, నా మోకాలి గురించే బాధపడుతున్నాడనుకున్నాను.

"జర చిన్న రాయి చూద్దామా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "రాయి బరువు కాదయ్యా, దూకుడు!" అన్నాను. దానికి కూడా ఆయన దగ్గర ఉపాయం ఉంది. రాయికి తాడు కట్టాడు. నేను సీట్లోంచి కదలకుండా కిందికి వదలాలి, మళ్లీ పైకి లాగాలి. రెండు రోజులు అట్లాగే చేశాం. మూడో రోజు రాయి పైకి లాగడం మరిచిపోయాను. ధారూర్ బస్టాండు ముందు నుంచి రాయి తాడుతో సహా బండి వెనకాల గంతులు వేసుకుంటూ వచ్చింది. బస్సు కోసం నిలబడ్డ జనమంతా చెయ్యి ఊపారు. మా ఆయన, మనల్ని పలకరిస్తున్నారనుకుని, తిరిగి చెయ్యి ఊపాడు.

ఆ రోజు తేల్చి చెప్పాను. "బండికి బ్రేకులన్నా చేయించు, నన్నన్నా ఇంటికాడ ఇడిచిపెట్టు. ఇగ నేను దూక."

అదే నెలలో బండి ఫిట్‌నెస్ గడువు కూడా దగ్గరపడింది. పోయినేడు దాకా మూడు దెబ్బలకు పట్టే బ్రేకు, ఈ ఏడాది ఐదు దెబ్బలకు కూడా పట్టడం లేదు. పైగా ఈసారి ఎత్తు మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వేయించి, కాలు తీయించి మరీ చూస్తున్నారని చెప్పుకుంటున్నారు. పాసైతే బండి ఉంటుంది, మా పని ఉంటుంది. తప్పితే బండి తుక్కుకు పోతుంది, ఈయన ఎవరి ట్రాక్టరుకో డ్రైవరుగా పోతాడు, నేను ఇంట్లో కూర్చుంటాను. ఇంట్లో కూర్చోవడం సుఖమే అనుకుంటారు. పక్క సీట్లో ముప్పై ఏళ్లు కూర్చున్నదానికి అదేమీ సుఖం కాదు. బండిని నోరారా తిట్టేది నేనే, అది లేకపోతే ఎట్లా అని పరేషాన్ అయిందీ నేనే.

మొదట తాండూరు పోయాం. అక్కడ కమాను పట్టీలు చేసే ముసలి మేస్త్రీ ఉన్నాడు. బండి బరువంతా మోసేవి ఆ ఇనుప పట్టీలే, ఒకదాని కింద ఒకటి విల్లులా వంగి ఉంటాయి. ఉండాలి. మేస్త్రీ బండి కిందికి దూరి చూసి బయటికొచ్చాడు.

"ఇవి పట్టీలా, చపాతీలా? కానీ బిడ్డా, బ్రేకు లేని బండికి పట్టీలు కట్ట. రేపు ఏమన్న అయితే జనం నన్నే అంటరు. ముందుగాల బ్రేకులు చేయించుకొని రా" అన్నాడు. సున్నం ముక్క తీసి బండి అడుగున ఇనుప చట్రం మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'బ్రేకులు ముందు' అని రాశాడు.

"మాకు తెలుసు కదా మేస్త్రీ, రాసుడెందుకు?" అన్నాను.

"నీకు కాదు. వికారాబాద్‌ల బ్రేకుల షెడ్డు ఉన్నది గదా, వాడు నా అల్లుడు. వాడు చదువుకుంటడు" అన్నాడు.

తర్వాత తెలిసింది. అల్లుడు ఈ షెడ్డులోనే పని నేర్చుకున్నాడు. పాత బండికి ముందు పట్టీలు చేయాలా, ముందు బ్రేకులు చేయాలా అన్న దగ్గర మామా అల్లుళ్లకు మాట పెరిగింది. నాలుగేళ్ల నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అల్లుడు వికారాబాద్ పోయి వేరే షెడ్డు పెట్టుకున్నాడు. ఏదైనా చెప్పుకోవాలంటే ఇటు నుంచి అటు పోయే బండ్ల అడుగున సున్నంతో రాసుకుంటారు. ఆస్తుల కోసం కొట్టుకున్నవాళ్లను చూశాను, పట్టీల కోసం కొట్టుకున్నవాళ్లను అక్కడే చూశాను.

తాండూరు నుంచి వికారాబాద్‌కు అనంతగిరి గుట్ట ఎక్కాలి. ఎక్కేటప్పుడు బ్రేకుతో పెద్దగా పని లేదు. బ్రేకు లేని బండి బ్రేకుల షెడ్డు దాకా హాయిగా పోతుంది. బ్రేకు పడకుండా తిరిగొచ్చేటప్పుడే గుట్ట దిగాలి. ఈ లెక్క నాకు గుట్ట ఎక్కాక గుర్తొచ్చింది.

అల్లుడు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, పడుకుని, కిందికి చూసి ఫక్కున నవ్వాడు. "మా మామ రాత ఏం మారలే" అంటూ దాని కింద 'పట్టీలు ముందు' అని రాశాడు. లేచి నాకు విడమర్చి చెప్పాడు. "పట్టీలు కుంగి ఇరుసు పక్కకు జరిగింది అక్కా. నేను ఎంత మంచి బ్రేకు ఏసినా ఒక్క దిక్కే గుంజుతది. గా పని అయినంకనే తీస్కరా."

"గుట్ట ఎట్ల దిగాలె తమ్మీ?"

"మెల్లగ" అన్నాడు.

మెల్లగానే దిగాం. మా ఆయన మొదటి గేరులో పెట్టి, గేరు కడ్డీ జారకుండా ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, ఒంటి చేత్తో స్టీరింగు తిప్పాడు. నేను తలుపు తెరిచి, అంచు మీద కూర్చుని, రాయిని పసిపిల్లలా ఎత్తుకుని సిద్ధంగా ఉన్నాను. సెలవు రోజు కావడంతో హైదరాబాద్ నుంచి గుట్టకు తిరగడానికి వచ్చినవాళ్ల బైకులు వరస కట్టాయి. ఒక జంట మా పక్కనే నడుపుకుంటూ, "ఆంటీ, ఒక్క ఫొటో" అంది. తీసుకున్నారు. రాయి కొంచెం పైకి పట్టుకొమ్మన్నారు కూడా. పట్టుకున్నాను. ప్రాణాలు అరచేతిలో ఉన్నప్పుడు మనిషి ఎందుకట్లా చెప్పినమాట వింటుందో నాకు అర్థం కాదు.

మర్నాడు తాండూరులో మేస్త్రీ మళ్లీ కిందికి దూరి, అల్లుడు రాసింది చదివి, మొహం ఎర్రగా చేసుకుని సున్నం ముక్క కోసం జేబులో చెయ్యి పెట్టాడు. నా ఓపిక అక్కడితో అయిపోయింది. రాయి తెచ్చి షెడ్డు వాకిట్లో దభీమని పడేసి, దాని మీద కూర్చున్నాను.

"మామా అల్లుడు సున్నం ముక్కలతోటి ఎంతన్న కొట్టుకోండి. నడుమ నా మోకాలు ఏం చేసింది? పట్టీలు కట్టేదాక ఈడికెళ్లి లేవ" అన్నాను.

మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, నేనెవరో తెలియనట్టు. మేస్త్రీ కాసేపు నన్ను చూశాడు, రాయిని చూశాడు. "గీ రాయేంది బిడ్డా?" అని అడిగాడు. చెప్పాను. పెళ్లి, రైలు గేటు, తుమ్ములు, తాడు, అన్నీ చెప్పాను. విని, లోపలికిపోయి కొలిమి రాజేశాడు. "సరే. నీ కోసం కడుతున్న, వాని కోసం కాదు" అని లోపలి నుంచి అరిచాడు.

రెండు రోజులు పట్టింది. పట్టీలు విప్పి, ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి కొట్టి వంపు తెచ్చాడు. పగిలినవి తీసి వేరే వేశాడు, బుష్‌లు మార్చాడు, ఇరుసును తన చోటికి జరిపి బిగించాడు. బండి వెనక భాగం మూరెడు పైకి లేచింది. మా ఆయన మురిసిపోయి నన్ను ఎక్కించుకుని తాండూరు దాటగానే మొదటి గుంతకే నా తల పైకప్పుకు తగిలింది. రెండో గుంతకు సద్ది డబ్బా మూత ఎగిరిపోయింది. ఇల్లు చేరకముందే వెనక్కి తిప్పాం.

"ఖాళీ బండి ఎగురుతది మరి. ముప్పై ఏండ్లు లోడ్ మోసిన బండి, దానికి లోడ్ గావాలె. బండలెయ్యి" అన్నాడు మేస్త్రీ.

పన్నెండు బండలు వేశాం. బండి సాధువైపోయింది. ఆ పన్నెండు బండలు ఎవరికీ అమ్మేవి కావు, బండిని కూర్చోబెట్టడానికి తెచ్చుకున్నవి. దారిలో ఒకాయన ఆపి ఎంతకిస్తారని అడిగితే మా ఆయన, "ఇయ్యమయ్యా, ఇవి బండి సామాన్" అన్నాడు. ఆ పెద్దమనిషి మా ఇద్దరినీ పైనుంచి కిందిదాకా చూసి, "మంచిది" అని దారి ఇచ్చాడు.

బయల్దేరే ముందు మేస్త్రీ నేను కూర్చునే చోట, కాళ్ల దగ్గర, ఇనుప పట్టీని గుండ్రంగా వంచి వెల్డింగ్ చేశాడు. సరిగ్గా ఆ నల్లరాయి పట్టేంత గూడు. "ముప్పై ఏండ్లు ఒళ్ల పెట్టుకున్నవ్. ఇగ కాళ్లకాడ పెట్టుకో బిడ్డా" అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. నిజం చెబుతున్నాను, ఆ బండిలో నా కోసమని ఎవరైనా ఒక్క వస్తువు బిగించడం అదే మొదటిసారి.

వికారాబాద్‌లో అల్లుడు ఆ గూడు చూసి భగ్గుమన్నాడు. "ఇదేంది? రాయి ఇల్లా? అంటే నా బ్రేకు మీద నమ్మకం లేదన్నట్టే గదా! మా మామ నన్ను బద్నాం చేసెటందుకే చేసిండు." చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రాయి ఈడ పెట్టి పొండి. రాయి ఇడ్సిపెడితెనే చక్రం ఇప్పుత."

మా ఆయన నా వైపు చూశాడు. నేను సరేనని బండి వెనక్కి పోయి, రోడ్డు పక్క నుంచి వేరే రాయి ఒకటి ఏరుకొచ్చి, మొహం దిగాలుగా పెట్టుకుని అల్లుడి చేతిలో పెట్టాను. అసలు రాయి సద్ది సంచిలో రొట్టెల కింద ఉంది. అల్లుడు ఆ రాయిని తీసుకుపోయి అలమారలో, ఆయిలు డబ్బాల పక్కన గొప్పగా నిలబెట్టాడు. మోసం చేశానన్న బాధ ఉంది కానీ, మరీ అంత లేదు.

చక్రాలు విప్పాక లోపల చూసి తల పట్టుకున్నాడు. "గింత అరిగినంక కూడ ఎట్ల నడిపినవ్ అన్నా?" అని మా ఆయనను అడిగాడు. ఆయన గర్వంగా నన్ను చూపించాడు. కొత్త లైనింగు వేసి, సిలిండర్లు మార్చి, హ్యాండ్ బ్రేకుకు కొత్త తీగ లాగాడు. సద్ది సంచి తగిలించే చోటు పోయింది. ఇక బ్రేకు ఆయిలు గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. దానికి ఒకరు పైన కూర్చుని బ్రేకు తొక్కాలి, ఒకరు కింద చక్రం దగ్గర నట్టు వదలాలి. మా ఆయన ఆయిలు పోసే పనిలో ఉన్నాడు.

"అక్కా, నువ్వే ఎక్కు" అన్నాడు అల్లుడు.

ముప్పై ఏళ్లలో డ్రైవరు సీట్లో కూర్చోవడం అదే మొదలు. మంచి కాలు బ్రేకు మీద పెట్టాను. కింద నుంచి కేకలు మొదలయ్యాయి. "కొట్టక్కా. కొట్టు, కొట్టు. పట్టు. ఇడువు." మొదట కాలు గాలిలో పెట్టినట్టు కిందికి దిగిపోయింది. ఇన్నేళ్లూ ఈయన ఈ బోలు మీదనా కాలు పెట్టి బండి నడిపింది అని నా గుండె ఝల్లుమంది. ఒక్కో చక్రం దాటుతున్న కొద్దీ కాలి కింద బ్రేకు గట్టిపడుతూ వచ్చింది. నాలుగో చక్రం దగ్గర ఎంత తొక్కినా సగం దాకా వచ్చి ఆగింది. "దొరికింది!" అని అరిచాను. "ఏం దొరికింది?" అన్నాడు మా ఆయన బయటి నుంచి. ఇంకోసారి తొక్కి చూసుకున్నాను.

అల్లుడు బండి కిందే పడుకుని మామకు ఏదో రాశాడు. నేను వంగి చదివాను. 'వెనక వంపు జర ఎక్కువైంది. పని మాత్రం మంచిగున్నది. నీ బిడ్డ, పిల్లలు మంచిగున్నరు' అని ఉంది. బండి అడుగున అంతకంటే పెద్ద ఉత్తరం పట్టదు.

ఆ రోజు గుట్ట దిగేటప్పుడు మొదటి మలుపులో మా ఆయన అలవాటు కొద్దీ మూడు దెబ్బలు కొట్టబోయాడు. మొదటి దెబ్బకే బండి ఉన్నచోట నిలబడిపోయింది. వెనక పన్నెండు బండలు వచ్చి క్యాబిన్‌ను గుద్దాయి, నేను అద్దాన్ని గుద్దాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బండి నిజంగానే ఆగింది. మా ఆయన దాన్ని నమ్మలేక, మలుపు మలుపుకూ ఒక్క దెబ్బ కొట్టి చూసుకుంటూ ఇంటికి తెచ్చాడు. నా నుదుటి మీద బొప్పి కట్టింది.

పరీక్షకు ఖాళీ బండి తేవాలన్నారు. బండలు ఇంటి ముందు దించి, ఎగురుకుంటూ మళ్లీ వికారాబాద్ పోయాం. ఎత్తు మీద ఆపి చూసే చోటు ఒకటి ఉంది. దాని దిగువన పరీక్షకు వచ్చిన ఆటోలు, బైకులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. పరీక్ష చేసే సారు చిన్నవాడు, మర్యాదస్తుడు. బల్ల మీద కాగితాలు గాలికి ఎగరకుండా అరచేత్తో పట్టుకుని, "పైకి పోనిచ్చి ఆపండి. హ్యాండ్ బ్రేకు వేసి కాలు తీయండి" అన్నాడు.

మా ఆయన పైకి పోనిచ్చి ఆపాడు. బండి గోడలా నిలబడింది. సారు కాగితం మీద ఏదో రాయబోతున్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందంటే, ఒట్టు, నేను చేయలేదు, నా ఒళ్లు చేసింది. తలుపు తెరుచుకుంది, మోకాలు కలుక్కుమంది, రాయి గూట్లోంచి లేచి వెనక టైరు కింద పడింది. "ఏసిన!" అని నా నోరు అరిచింది. మా ఆయన కాలు తీశాడు.

సారు పెన్ను ఆగిపోయింది. లేచొచ్చి టైరు దగ్గర వంగి చూశాడు. "అమ్మా, ఇదేంటి?"

"అలవాటు సార్."

"ఇప్పుడు బండి ఆగింది బ్రేకుకా, రాయికా?"

ఏం చెప్పాలి? బ్రేకుకే అని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేడు. నేనైనా నమ్మను. ఆటోవాళ్లు గుమిగూడి నవ్వుతున్నారు. బ్రేకులు లేక రాయితో పాసవుదామని వచ్చారని ఒకడు అననే అన్నాడు. నా మొహంలో నెత్తురు లేదు. మామా అల్లుళ్ల కష్టం, గుట్ట మీది ఫొటో, రెండు రోజుల కొలిమి, అంతా నా కాళ్లే బూడిదలో పోశాయి.

"ఇంకోసారి చూస్తాను. మీరు మాత్రం ఇక్కడ, నా పక్కన నిలబడండి. ఆ రాయి ఇటివ్వండి" అన్నాడు సారు. రాయి తీసుకుని బల్ల మీద కాగితాల మీద పెట్టాడు. కాగితాలు ఎగరడం ఆగింది.

మా ఆయన ఒక్కడే బండి ఎక్కాడు. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని ఆ బండి నడపడం అంతకుముందెప్పుడూ నేను చూడలేదు. పైకి పోయాడు. ఆపాడు. హ్యాండ్ బ్రేకు లాగిన చప్పుడు వినిపించింది. "కాలు తీయండి" అని సారు చెయ్యి ఊపాడు. ఆయన తీయలేదు. వెనక ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. "తీయండి!" అన్నాడు సారు గట్టిగా. తీయలేదు. తల ఎడమ వైపు తిప్పి, నేను ఉండాల్సిన వైపు చూస్తూ, చెవి అటే పెట్టి కూర్చున్నాడు. మర్పల్లిలో కూర్చున్నట్టే. నాకు అర్థమైంది. రేపటిదాకా అరిచినా ఆ కాలు లేవదు. బ్రేకు పట్టిందని ఆయన కాలికి తెలియదు, దానికి తెలిసింది ఒక్క మాటే.

"ఆయన కాలు తీయకపోతే నేనేం రాయలేనమ్మా" అన్నాడు సారు.

రాయి బల్ల మీద ఉంది. టైరు కింద ఏమీ లేదు. దిగువన ఆటోలు, మనుషులు. బండిలో ఆయన. అల్లుడి బ్రేకు గట్టిగా ఉందని నా కాలికి తెలుసు, నేనే తొక్కాను. అయినా ముప్పై ఏళ్లలో ఆ మాట ఒక్కసారి కూడా ఉత్తగా అనలేదు. గుండె చిక్కబట్టుకుని, గొంతు చించుకుని అరిచాను.

"ఏసిన!"

ఎర్రలైటు ఆరిపోయింది.

బండి కదల్లేదు. సారు చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఆటోవాళ్లు కూడా నోరు మూశారు. ఎంతసేపటికీ బండి కదల్లేదు. సారు వచ్చి, రాయి పక్కకు జరిపి, కాగితం మీద సంతకం పెట్టాడు.

మా ఆయన దిగి, రాయి తీసుకురావడానికి వెనక్కి నడిచాడు. టైరు దగ్గర వంగాడు. ఇటు చూశాడు, అటు చూశాడు, అవతలి టైరు కింద కూడా చూశాడు. లేచి నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూపించాను. ఆయన మొహం పాలిపోయింది.

"రాయి లేకుండ 'ఏసిన' అన్నవా?"

"అన్న."

"నేను కాలు తీసిన గదనే!"

"తీసినవ్."

ఇంటికొచ్చేటప్పుడు ధారూర్ రైలు గేటు దగ్గర ఆగి, ముందుకే చూస్తూ, "ఇంతకుముందు ఎన్నడన్న గట్ల అన్నవా?" అని అడిగాడు. "ఒక్కనాడు కూడ అనలే" అన్నాను. నమ్మాడు. గేటు లేచింది.

రాయి ఇప్పుడు మా వంటింటి తలుపుకు అడ్డం ఉంటోంది. గూడు ఖాళీగా ఉంటే బాగుండదని సద్ది డబ్బా అందులో పెడుతున్నాను. బండలు ఎక్కించుకుని ఊళ్లు తిరుగుతూనే ఉన్నాం. ఎత్తు మీద బండి ఆగుతుంది, ఆయన హ్యాండ్ బ్రేకు లాగుతాడు, కాలు మాత్రం తీయడు, తల కొంచెం నా వైపు వంచి ఉంటాడు. నేను సీట్లోంచి కదలను. చేతులు ఒళ్లో ఖాళీగా పెట్టుకుని, "ఏసిన" అంటాను. అప్పుడు కాలు తీస్తాడు.